తీసిన చీటీ మళ్లీ చెంబులో పడదు

కపిలేశ్వరపురం వెళ్లొచ్చానంటే హరికథ పాఠశాల చూశారా అనే అడుగుతారు ఎవరైనా. నేను చూసింది మాత్రం చీటీ తీయడం. గౌతమి గట్టు దిగితే కొబ్బరిచెట్ల మధ్య ఓ పెంకుటిల్లు, ఆ అరుగు మీద 20 మంది ఆడవాళ్లు. తలా నెలకు 2,000. మొదటి నెల డబ్బు నడిపే పెద్దావిడది. మిగతా 19 పేర్లూ ఒకేలా మడిచి ఇత్తడి చెంబులో వేశారు. చంటిపిల్ల చెయ్యి పెట్టి ఒకటి తీస్తుంది. పెద్దావిడ దాన్ని విప్పి అందరికీ చూపించి, లెక్కల పుస్తకంలో ఆ నెల పేజీకి గుండుసూదితో గుచ్చేస్తుంది.

ఆ గుండుసూదిలోనే ఉంది కిటుకంతా. తీసిన చీటీ తిరిగి చెంబులో పడేస్తుంటే, 19 నెలలు కట్టినా ఒక్కసారీ పేరు రాకుండా పోయే అవకాశం నూటికి 36 దాకా ఉంటుంది. గుచ్చేస్తే అందరికీ ఒక్కోసారి వచ్చితీరుతుంది.

"ముందు నెలల్లో తగిలితేనేనండీ, తర్వాత మన అదృష్టం తగ్గిపోద్ది" అంది ఒకావిడ. తగ్గదు. మొదటి తీతలో 19లో 1. రెండోదానిలో రావాలంటే ముందు తప్పిపోవాలి: 18/19ని 1/18తో గుణిస్తే మళ్లీ 19లో 1. ఆఖరు దాకా ఇంతే. కానీ ఇది చెంబు కదలక ముందు లెక్క. ఒక్కో పేరూ బయటపడేకొద్దీ మిగిలినవాళ్ల పాలు పెరుగుతుంది.

1657లో గణితవేత్త హైగెన్స్ 12 బిళ్లల లెక్క ఇచ్చి, తీసిన బిళ్లను తిరిగి వేయాలో వద్దో చెప్పలేదు. 1713లో అచ్చయిన పుస్తకంలో యాకోబ్ బెర్నూలీ రెండు రకాలుగానూ చేయాల్సొచ్చింది. ఈ అరుగు మీద ఆ తకరారే లేదు.

నేను వెళ్లింది 13వ నెల. చెంబులో 8 చీటీలు, అందులో ఇద్దరు తోటికోడళ్లవి. వరసగా రెండు నెలలూ వాళ్లకే రావాలంటే 2/8 గుణించు 1/7, అంటే 28లో 1. ఆ రోజు వేరొకరి పేరొచ్చింది. ఇక 2/7 గుణించు 1/6, 21లో 1.

అవకాశం సమానమే గానీ లాభం కాదు. ముందు తగిలినావిడకు 40,000 వడ్డీలేని అప్పు, ఆఖరావిడకు వడ్డీలేని పొదుపు. పెద్ద తోటికోడలికి అది బాగా తెలుసు. నా భిన్నాలు వినకుండా, చీటీ తగిలినావిడ పక్కన చేరి, "500 ఇస్తాను, ఈ నెల నాకు వదిలెయ్ వదినా" అని బేరం పెట్టింది.