ఇంటి బడికి చట్టం ఏమంటోంది?

కొడుకును బడి మాన్పించి ఇంట్లోనే చదివించాలనుకుంది డెలానీపూర్‌లోని ఓ తల్లి. చట్టం తిరగేస్తే శిక్షా కనిపించలేదు, అనుమతీ కనిపించలేదు.

దీవుల్లో తొందరగా తెల్లవారుతుంది. వేసవిలో 5 గంటలకే డెలానీపూర్ వీధుల్లో వెలుగు పరుచుకుంటుంది. దాంతోపాటే ఆ ఇంట్లో తొమ్మిదేళ్ల కుర్రాడికి కడుపునొప్పి మొదలవుతుంది. ఆ నొప్పి ఆదివారం రాదు. సెలవుల్లో రాదు. తల్లి యూనిఫాం ఇస్త్రీ చేయడం మొదలుపెడితే వస్తుంది. డాక్టర్ రెండుసార్లు పరీక్షించి కడుపులో ఏమీ లేదని తేల్చారు. వాడు చదవడంలో కాస్త నెమ్మది. నాలుగో తరగతి నోటుపుస్తకాల్లో ఎర్రసిరాతో పదేపదే కనిపించే మాట 'స్లో'. లేచి పాఠం చదవమన్నప్పుడు తోటిపిల్లలు నవ్వేదీ ఆ మాట పట్టుకునే.

ఇంట్లో చూస్తే వాడి తీరే వేరు. తండ్రి దీవుల మధ్య తిరిగే ఫెర్రీలో పనిచేస్తాడు. ఫీనిక్స్ బే జెట్టీ నుంచి ఏ రోజు ఏ ఓడ ఏ దీవికి పోతుందో కుర్రాడికి కంఠతా వచ్చు. ముప్పావు కిలో చేపకు ఎంతవుతుందో నాయనమ్మ నోరు తెరిచేలోపే చెప్పేస్తాడు. అలాంటివాడు బడి గేటు దగ్గర మాత్రం బిగుసుకుపోతాడు. బీఎస్సీ చదివిన తల్లికి ఓ రాత్రి తోచింది: బడి మాన్పించి తనే చదివిస్తే? ఆ రాత్రే టీసీ కోసం దరఖాస్తు రాసింది. రాసింది కానీ ఇవ్వలేదు. మడతపెట్టిన ఆ కాగితం 11 రోజులు దేవుడి గూట్లోనే ఉండిపోయింది.

కారణం భయం. బడి మాన్పిస్తే పోలీసులు వస్తారా? జరిమానా వేస్తారా? రేపు పదో తరగతి పరీక్ష రాయనివ్వరా? పక్కింటివాళ్లను అడిగితే తలో మాట చెప్పారు. దీంతో ఆమె ఫోన్‌లోనే చట్టం చదవడం మొదలుపెట్టింది. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభం కాకముందు, దీవుల్లో ఒక ఫైలు దిగుమతి చేసుకోవడమే పెద్ద పని. ఇప్పుడు చట్టం చేతికి అందింది. అర్థం చేసుకోవడమే మిగిలింది.

నిర్బంధం ఎవరికి?

2002లో 86వ రాజ్యాంగ సవరణతో 21ఏ అధికరణం వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత, నిర్బంధ విద్య ప్రాథమిక హక్కయింది. దాన్ని అమలుచేసే విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులోని 10వ సెక్షన్ దగ్గర ఆమె గుండె ఒక్కసారి ఆగినంత పనైంది. బిడ్డను సమీపంలోని బడిలో చేర్చడం ప్రతి తల్లికీ, తండ్రికీ, సంరక్షకుడికీ విధి అని అక్కడ స్పష్టంగా ఉంది. అయితే ఆ విధి నెరవేర్చకపోతే ఏం చేస్తారో మాత్రం చట్టం మొత్తం వెతికినా లేదు. జరిమానా లేదు, జైలు లేదు.

8వ సెక్షన్ చూస్తే విషయం మరింత తేటపడుతుంది. 'నిర్బంధ విద్య' అంటే ఏమిటో అక్కడ వివరించారు. బడి ఏర్పాటు చేయడం, పిల్లలు చేరేలా, హాజరయ్యేలా, ఎనిమిదో తరగతి దాకా పూర్తిచేసేలా చూడడం ప్రభుత్వ బాధ్యత. అంటే నిర్బంధం ప్రధానంగా సర్కారుకే. 14 ఏళ్లలోపు పిల్లల వివరాలు నమోదు చేయడం, వాళ్లు బడికి వెళ్తున్నదీ లేనిదీ కనిపెట్టుకోవడం 9వ సెక్షన్ కింద స్థానిక సంస్థల పని. కాబట్టి బడి మానేసిన పిల్లాడి గురించి ఎవరైనా ఇంటికొచ్చి అడగవచ్చు. అడిగితే చెప్పేందుకు జవాబు, చూపించేందుకు కాగితం ఉండాలి.

మరి హోమ్ స్కూలింగ్‌కు అనుమతి ఉందా? ఈ ప్రశ్నకు కేంద్రమే ఒకసారి రెండు జవాబులు చెప్పింది. ఇంట్లో చదువుకుంటున్న ఓ బాలిక ఢిల్లీ హైకోర్టుకు వెళ్లిన కేసులో, ఇష్టపడి ఇంటి చదువును ఎంచుకున్న తల్లిదండ్రులు దాన్ని కొనసాగించుకోవచ్చని, విద్యాహక్కు చట్టం అందుకు అడ్డురాదని మానవ వనరుల మంత్రిత్వ శాఖ 2012లో అఫిడవిట్ వేసింది. కొద్ది నెలలకే దాన్ని వెనక్కి తీసుకుంది. 

చట్టంలో ఇంటి చదువు అన్న మాట నేరుగా కనిపించేది ఒకే ఒక్కచోట. 2012లో చేసిన సవరణ ప్రకారం బహుళ వైకల్యాలు, తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే విద్య పొందే హక్కును ఎంచుకోవచ్చు. డెలానీపూర్ కుర్రాడు ఆ కోవలోకి రాడు.

బయటి దేశాల్లో ఇంత సందిగ్ధం లేదు. జర్మనీలో పిల్లలు బడికి వెళ్లి తీరాలి. ఇంట్లో చదివిస్తామంటూ కోర్టుకెక్కిన ఓ కుటుంబానికి 2019లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానంలోనూ ఊరట దక్కలేదు. అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమే, షరతులే ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. ఇంగ్లండ్‌లో 1996 నాటి విద్యా చట్టం, బిడ్డకు తగిన విద్య అందించాలి, అది బడి ద్వారానైనా సరే, మరోలాగైనా సరే అంటుంది. ఆ 'మరోలాగైనా' అన్న చిన్నమాటే అక్కడి తల్లిదండ్రులకు కొండంత అండ. మన చట్టంలో లేనిదీ అదే.

సర్టిఫికెట్ ఎలా?

శిక్ష లేదని తేలాక తల్లి భయం పరీక్షల మీదికి మళ్లింది. ఇక్కడ దారి కాస్త సుగమంగానే ఉంది. 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా మొదలై, 2002లో పేరు మార్చుకున్న జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఎన్ఐఓఎస్ ఉంది. 3, 5, 8 తరగతులకు సమానంగా ఏ, బీ, సీ స్థాయిలు నడుపుతుంది. 14 ఏళ్లు నిండితే పదో తరగతి కోర్సులో చేరవచ్చు. పుట్టినతేదీ ధ్రువపత్రం తప్పనిసరి. ఐదు సబ్జెక్టులు ఎంచుకోవాలి, అందులో ఒకటైనా భాష ఉండాలి. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు. ఒక్కసారే అన్నీ రాయక్కర్లేదు, ఐదేళ్ల గడువులో ఒక్కొక్కటిగా గట్టెక్కవచ్చు. నెమ్మదిగా చదివే పిల్లాడి తల్లికి ఇంతకన్నా చల్లటి మాట ఏముంటుంది?

ఓపెన్ స్కూల్ సర్టిఫికెట్‌కు విలువ లేదన్న మాట కూడా పాతబడింది. మెడికల్ ప్రవేశాల్లో ఓపెన్ స్కూల్ విద్యార్థులపై ఉన్న నిషేధాన్ని ఢిల్లీ హైకోర్టు 2018లో కొట్టేసింది. 2024లో వ్యవహారం సుప్రీంకోర్టులో కూడా వాళ్లకు అనుకూలంగానే ముగిసింది.

కాగితం లేకపోతే ఏమవుతుందో చెప్పే కథ కూడా ఉంది. ముంబయికి చెందిన మాళవికా జోషి ఏడో తరగతిలో బడి మానేసి, ఇంట్లోనే చదివి, కంప్యూటర్ ప్రోగ్రామింగ్ ఒలింపియాడ్‌లో దేశానికి పతకాలు తెచ్చింది. 12వ తరగతి సర్టిఫికెట్ లేక ఐఐటీ తలుపు తెరుచుకోలేదు. 2016లో అమెరికాలోని ఎంఐటీ పిలిచి సీటిచ్చింది. తెలుగువారికి బాగా తెలిసిన పేరు హైదరాబాద్ టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్. తల్లిదండ్రుల దగ్గరే చదివి 8 ఏళ్లకు కేంబ్రిడ్జి బోర్డు పదో తరగతి, 13 ఏళ్లకు డిగ్రీ పూర్తిచేసింది. ఆమె చేతిలో ప్రతి మెట్టుకూ ఒక సర్టిఫికెట్ ఉంది. అయితే డెలానీపూర్ తల్లికి పతకాలూ రికార్డులూ అక్కర్లేదు. కొడుకు పొద్దున్నే కడుపు పట్టుకోకుండా లేస్తే చాలు.

విషయం వీధిలో పొక్కగానే ఇద్దరు తల్లులు వచ్చారు. "మీ వాడితోపాటు మా పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకోండి అక్కా, నెలకింత ఇస్తాం" అన్నారు. ఆమెకు ఆశ పుట్టింది. తర్వాత 18వ సెక్షన్ చదివి ఆగిపోయింది. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపకపోతే రోజుకు 10,000 దాకా అదనం. కన్నబిడ్డకు చదువు చెప్పుకుంటే చట్టం మాట్లాడదు. పదిమంది పిల్లల్ని పోగేసి, బడి బదులు తన ఇంటికే రప్పించుకుంటే మాత్రం ఊరుకోకపోవచ్చు. వచ్చినవాళ్లకు సాయంత్రం ట్యూషన్ మాత్రమే చెబుతానని సర్దిచెప్పింది.

నాయనమ్మ వాదన

చట్టానికి జవాబు దొరికినా అత్తగారికి జవాబు దొరకలేదు. శ్రీకాకుళం జిల్లా తీరం నుంచి పెళ్లయిన కొత్తలో ఓడెక్కి వచ్చిన మనిషి ఆవిడ. అలా వచ్చినవాళ్లు ఎందరో. 2011 జనాభా లెక్కల్లో దీవుల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 13 శాతానికి పైనే. వాళ్లలో చాలామందికి బడి అంటే పిల్లల్ని కూలిపని నుంచి, వల నుంచి, గంప నుంచి తప్పించిన చోటు.

"సదువు నేకే గదా నాను సేపల గంప మోసినాను. ఉన్న బడి మాన్పించీసి నువ్వేటి సేత్తావే?" అంది ఆవిడ. కోడలు ఫోన్ చూపించి, శిక్ష లేదత్తా అంది. "సిచ్చ నేదని తప్పు ఒప్పయిపోద్దేటి?" అని ముసలావిడ లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాట కోడలిని రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. 10వ సెక్షన్ ఎవరి కోసం రాశారో ఆ మాటతో అర్థమైంది. బడి గుమ్మం తొక్కనివ్వక చేపల గంప నెత్తికెత్తిన అత్తగారి లాంటి ఆడపిల్లల కోసం. తల్లిదండ్రుల ఇష్టానికి వదిలేస్తే ఆ పిల్లలకు ఏం జరిగిందో ఈ ఇంట్లోనే సాక్ష్యం ఉంది. ఇంటి చదువు అన్న మాటను చట్టం బాహాటంగా ఒప్పుకుంటే, ఆ మాట చాటున పిల్లల్ని పనికి పెట్టేవాళ్లూ ఉంటారు. చట్టం నోరు విప్పకపోవడంలో ఆ భయం కూడా ఉండొచ్చు. కానీ దాని మౌనం వల్ల, బిడ్డను నిజంగా చదివించే తల్లీ, మాన్పించి పనిలో పెట్టే తండ్రీ ఒకే వరసలో నిలబడుతున్నారు. ఇద్దరినీ వేరుచేసే ఏర్పాటు లేదు. ఆ తేడా చూపించాల్సిన భారం తల్లి మీదే పడుతోంది.

అందుకే ఆమె చట్టాన్ని మళ్లీ మొదటినుంచి చదివింది. ఈసారి బయటికెళ్లే దారి కోసం కాదు. 17వ సెక్షన్ కంటపడింది. పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడాన్నీ అది నిషేధిస్తోంది. దేవుడి గూట్లోని టీసీ దరఖాస్తును అక్కడే ఉంచి, బడికి మరో ఉత్తరం రాసింది. ఎర్రసిరా 'స్లో'ల గురించి, తరగతిలో నవ్వుల గురించి రాసి, 17వ సెక్షన్‌ను మర్యాదగా గుర్తుచేసింది. బడి స్పందించింది. 'స్లో' ఆగింది. వాడిని ముందు బెంచీకి మార్చారు. కడుపునొప్పి వారానికి ఐదు రోజుల నుంచి రెండు రోజులకు తగ్గింది. పూర్తిగా పోలేదు.

మార్చి పరీక్షలయ్యాక భార్యాభర్తలు కూర్చుని ఒక నిర్ణయానికొచ్చారు. ఒక్క ఏడాది. "ఏడాది చూద్దామమ్మా, కాకపోతే మళ్లీ చేర్పిద్దాం" అని కొడుకు తల్లికి చెప్పాడు. ఆ భరోసా కూడా చట్టం ఇచ్చిందే. 4వ సెక్షన్ ప్రకారం బడి బయట ఉన్న పిల్లలను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. 14 ఏళ్లు దాటినా ఎనిమిదో తరగతి ముగిసేదాకా ఉచితంగా చదువుకోనివ్వాలి.

ఇప్పుడు ఆ ఇంట్లో ఓ ఫైలుంది. జనన ధ్రువపత్రం, టీసీ, చదువు మొదలుపెడుతున్నట్టు తేదీ వేసి రాసుకున్న కాగితం, నెలనెలా వాడు రాసిన లెక్కలు, వ్యాసాలు. వీటిని ఎవరూ అడగలేదు. అడిగిన రోజున ఇంట్లో చదువు జరుగుతోందని చూపేందుకు మరో సాక్ష్యం ఉండదని ఆమెకు తెలుసు. అత్తగారు ఒకే షరతు పెట్టింది: రోజూ సాయంత్రం మనవడు తనకు తెలుగు పేపరు చదివి వినిపించాలి. ఆవిడకు అక్షరం రాదు. అయినా వాడు తడబడి ఏదో కల్పించి చదివితే ఇట్టే పట్టేస్తుంది. నవ్వదు. మళ్లీ చదవమంటుంది.

కడుపునొప్పి పోయింది. కానీ పొద్దున్నే యూనిఫాం వేసుకున్న పిల్లలు సందులోంచి వెళ్తుంటే వాడు కిటికీ దగ్గర నిలబడి చూస్తాడు. వాళ్లు సాయంత్రం వచ్చేదాకా ఆటకు తోడెవరూ లేరు. దీనికి ఏ సెక్షన్‌లోనూ జవాబు లేదు. గోడమీది క్యాలెండర్‌లో డిసెంబర్ పేజీ తీసి ఒక తేదీ చుట్టూ ఆమె సున్నా చుట్టింది. ఆ రోజు వాణ్ణే అడగాలట, బడికి వెళ్తావా అని.