తన్ఖాలో ఎంత బర్కత్

ఉర్దూలో తన్ఖా అంటాం. తెలుగులో జీతం అంటాం. రెండు భాషల్లో వార్తలు రాసి బతుకుతున్న మాకు ఈ రెండు మాటలూ ఒకటి కావని మా భాయిజాన్ సౌదీ పోయాకే తెలిసింది. తన్ఖా అంటే నెల తిరిగితే చేతికొచ్చే డబ్బు. జీతానికి మా పల్లెల్లో ఇంకో అర్థం కూడా ఉంది. దొర దగ్గర జీతానికి ఉండడం. అప్పు తీరేదాకా ఆ గడప దాటలేకపోవడం.

భాయిజాన్ పిల్లల డాక్టరు. ఎండీ చేశాడు. మా అబ్బా దర్జీ. ఊరందరి పెళ్ళిబట్టలు కుట్టి కొడుకు ఫీజులు కట్టాడు. 2004లో భాయిజాన్ రియాద్ పోయిననాడు రియాలు పన్నెండు రూపాయలు. ఇప్పుడు ఇరవై రెండు దాటింది. 'మీకేంది భాయ్, సౌదీ పైసలు' అంటారు తెలిసినవాళ్ళు. రూపాయి పడిపోతే మేం పండగ చేసుకుంటున్నట్టు! ఆ పడిపోయిన రూపాయితోనే మేమూ ఇక్కడ బియ్యం కొంటున్నామని ఎవరికీ గుర్తుండదు.

2019లో ఆయన జీతం నెలకి 15 వేల రియాళ్ళు. ఆదాయపన్ను లేదు. ఇల్లు ఆస్పత్రివాళ్ళదే. ఏడాదికోసారి విమానం టికెట్టు. వినడానికి దర్జాగానే ఉంటుంది. కానీ 2017 జులై నుంచి అక్కడి సర్కారు పరదేశీ ఉద్యోగుల భార్యాపిల్లల మీద సుంకం పెట్టింది. మావాళ్ళు దాన్ని ఫ్యామిలీ ట్యాక్సు అన్నారు. తలకి నెలకి 100 రియాళ్ళతో మొదలై, ఏటా వంద పెరిగి, 2020 నాటికి 400 అయింది. భాబీ, ముగ్గురు పిల్లలు. తలకి 300 లెక్కనే ఏడాదికి 14,400 రియాళ్ళు. అంటే పెళ్ళాం పిల్లలతో కలిసి ఉన్నందుకు ఒక నెల జీతం! 400 అయితే 19,200. 2018లో వస్తువుల మీద నూటికి 5 వ్యాట్ వచ్చింది. 2020 జులైలో అది 15 అయింది. ఇవి కాక ఇక్కడ అబ్బా మందులు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళ బాకీలు, ఏడాదంతా మిగిలినదాంట్లో నూటికి రెండున్నర జకాత్. గుడ్డ ఎంతుందని కాదు, ఎంతమందికి సరిపోవాలో చూడమనేవాడు అబ్బా.

2019లోనే భాబీనీ పిల్లల్నీ హైదరాబాదు పంపేశాడు. ఇల్లు వెతకడం మా వంతయింది. ఫోన్లో 'డాక్టరుగారి కుటుంబం' అన్నంతసేపూ ఇల్లు ఖాళీగానే ఉండేది. భాబీ బుర్ఖాతో ఆటో దిగేసరికి నిండిపోయేది. ఒకాయన 'మేం వెజిటేరియన్లమండీ' అన్నాడు. ఇంకొకామె 'మా అబ్బాయి వస్తున్నాడండీ' అంది. ఒక పెద్దమనిషి నిజమే చెప్పాడు, 'మీవాళ్ళకి ఇవ్వం' అని. ఆరు నెలల అద్దె ముందే ఇస్తామన్నాం. మా దగ్గర పైసలకి లోటు లేదు. పేరు దగ్గరే వచ్చింది చిక్కు. చివరికి టోలీచౌకీలో దొరికింది. 'మీరంతా ఒకేచోట ఎందుకుంటారు?' అని తర్వాత మమ్మల్ని అడిగిందీ ఆ గేట్లు వేసుకున్నవాళ్ళే.

అక్కడేమో ముసల్మానుల దేశం కదా అంటారు. నిజమే, నమాజులో అరబ్బు పక్కనే నిలబడతాడు భాయిజాన్. కానీ జీతాల పట్టీలో వరసలు వేరు. తన పనే చేసే తెల్ల పాస్‌పోర్టు డాక్టరుకి తనకంటే ఎక్కువిస్తారని ఆయనే చెప్పాడు. అరబ్బులు ఆయన్ని 'హిందీ' అంటారు. అంటే హిందూస్తానీ అని. సెలవుకి ఇంటికొస్తే మా గల్లీవాళ్ళు 'సౌదీ' అంటారు. అక్కడ హిందీ, ఇక్కడ సౌదీ. ఈయన ఎక్కడివాడో ఆ ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి.

మరి ఉద్యోగం మారొచ్చు కదా? చాలా ఏళ్ళు కఫీల్ ఒప్పుకోనిదే మారే వీల్లేదు. 2021 మార్చిలో ప్రైవేటు ఉద్యోగులకి కొంత సడలించారు. పింఛను లేదు. మానేసిన రోజున మొదటి అయిదేళ్ళకీ ఏడాదికి అర నెల జీతం, ఆపైన ఏడాదికో నెల జీతం లెక్కగట్టి ఇస్తారు. జీతగాడన్న మాట డాక్టరుకి కూడా వర్తిస్తుందని మేం ఏ డిక్షనరీలోనూ చదవలేదు.

మొన్న చలికాలంలో చిన్నదానికి జ్వరం. రియాద్‌లో రోజూ పదుల మంది పిల్లల్ని చూసే మనిషి సొంత కూతుర్ని ఫోన్లో చూశాడు. 'నాలుక చాపు బేటా, దీపం దగ్గరికి జరుగు' అంటున్నాడు. సిగ్నల్ పోయింది. భాబీ దాన్ని ఎత్తుకుని పక్కవీధి డాక్టరు దగ్గరికి నడిచింది. ఫీజు కట్టింది. అది కూడా రియాళ్ళలోంచే.

మా భాయిజాన్ జీతం ఎంతదూరం పోతుందని అడిగేవాళ్ళకి చెప్తున్నాం. రియాద్ నుంచి మా ఊరి దాకా వస్తుంది. చెల్లెళ్ళ అత్తారిళ్ళ దాకా పోతుంది. మసీదు మెట్ల మీద కూర్చున్న ఫకీరు దాకా పోతుంది. అంత బర్కత్ ఉంది దాంట్లో. మా రియాళ్ళు లెక్కబెట్టే మీ గేటు దగ్గరే ఆగిపోయింది.