కంప్యూటర్‌లో కచేరీకి వెళ్ళొచ్చాం

మా న్యూజెర్సీలో జనవరి ఎలా ఉంటుందో ఇక్కడివారికి చెప్పక్కర్లేదు. పోయిన చలికాలం రాజమండ్రి నుంచి మా అమ్మ వచ్చింది. నాన్నగారు పోయాక ఆవిడ మా దగ్గర ఆరు నెలలు ఉండటం అదే మొదలు. ఐదింటికే చీకటి, వాకిట్లో మంచు. మేం ఆఫీసులకీ, అమ్మాయి కాలేజీకీ పోతే ఆవిడకి తోడు టీవీ ఒక్కటే. వంటింట్లో క్యాలెండర్ మీద తిరుగు ప్రయాణం తేదీ చుట్టూ ఆవిడ పెన్సిల్‌తో సున్నా చుట్టుకోవడం చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

పాట అంటే అమ్మకి ప్రాణం. కానీ 1978 నుంచి జరుగుతున్న క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన వసంతంలో గాని రాదు. ఈలోగా ఏం చెయ్యాలి?

“బామ్మని సెకండ్ లైఫ్‌కి తీసుకెళ్దాం నాన్నా,” అంది మా అమ్మాయి.

సెకండ్ లైఫ్ పేరు విననివారి కోసం రెండు ముక్కలు. శాన్‌ఫ్రాన్సిస్కోకి చెందిన లిండెన్ ల్యాబ్ 2003 జూన్‌లో తెరిచిన కంప్యూటర్ ప్రపంచం ఇది. ఆట కాదు. గెలుపూ లేదు, ఓటమీ లేదు. 256 మీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న చదరాలుగా నేల ఉంటుంది. దాని మీద ఇళ్ళూ, తోటలూ, సంగీత వేదికలూ చాలావరకు అక్కడికి వచ్చేవాళ్ళే కట్టుకున్నారు. మన తరఫున తిరిగే బొమ్మని అవతార్ అంటారు. మాట మనదే కదా! తల్లిదండ్రులు ఒకటి గమనించాలి: మామూలుగా 16 ఏళ్ళు నిండాలి, 16-17 ఏళ్ళవారిని ‘జనరల్’ అని గుర్తున్న ప్రాంతాలకే రానిస్తారు. పాటల క్లబ్బులు చాలావరకు ఆ గీతకి అవతల ఉంటాయి కనుక ముందు పెద్దలు చూసి రావడం మంచిది.

అమ్మ పేరున ఒక ఖాతా, నా పేరున ఒకటి తెరిచాం. “ఎవర్రా ఈ పిల్ల? ఈ జీన్స్ ప్యాంటేమిటి?” అని అమ్మ తన అవతార్‌ని చూసి నొచ్చుకుంది. అమ్మాయి అక్కడి బజారులో వెతికి చీర కొనేదాకా కదలనంది. పేరు ‘బామ్మగారు’ అని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాం.

అక్కడ గడియారం కాలిఫోర్నియాది. సాయంత్రం ఆరింటి కచేరీ అంటే మనకి రాత్రి తొమ్మిది. మొదటి శనివారం సముద్రపు ఒడ్డున ఒక వేదికకి వెళ్ళాం. మీట నొక్కగానే చేరిపోయాం గాని, నడవడం చేతకాక నేను తిన్నగా సముద్రంలోకి నడిచిపోయాను. బామ్మగారు పియానో మీద కూర్చున్నారు. దిగడం ఎలాగో తెలియలేదు. ఎవరూ ఏమీ అనలేదు.

రెండోవారం వెళ్ళిన చోటు అమ్మకి బాగా నచ్చింది. చెరువు గట్టున చెక్కతో కట్టిన చిన్న హాలు, దీపాలు, ఓ ముప్పై అవతార్లు. అంతకంటే బాగా ఎక్కువైతే బొమ్మలు కదలడానికి మొరాయిస్తాయి. పాడే మనిషి ఎక్కడో తన ఇంట్లో గిటార్, మైకు పెట్టుకుని కూర్చుంటాడు. ఇంటర్నెట్ రేడియోలాగా ఆ పాటని ఆ స్థలానికి పంపుతాడు. స్థలం హద్దు దాటి అవతలికి అడుగు వేస్తే పాట టక్కున ఆగిపోతుంది. వెనక్కి వస్తే మళ్ళీ వినిపిస్తుంది. అమ్మ రెండుమూడుసార్లు అటూ ఇటూ వేసి చూసింది.

చిక్కల్లా ఆలస్యంతోనే. ఆయన పాడింది మనకి చేరడానికి పది ఇరవై సెకన్లు పడుతుంది. పాట ముగిశాక ఆయనకి ముందు నిశ్శబ్దమే. కాసేపటికి చప్పట్లు అక్షరాలుగా వచ్చి పడతాయి. అలవాటైనవాళ్ళు ఈలోగా తీగలు సవరించుకుంటూ కబుర్లు చెబుతారు.

వేదిక ముందు హుండీలాంటి జాడీ ఉంటుంది. అందులో లిండెన్ డాలర్లు వెయ్యొచ్చు. మన డాలరుకి అవి 200కు పైగానే వస్తాయి. ఎవరైనా వేస్తే గాయకుడు పేరు పెట్టి కృతజ్ఞతలు చెబుతాడు. అది వినగానే అమ్మ మొహం వెలిగింది. “హరికథ దాసుగారూ ఇంతేరా! ఫలానావారు పది రూపాయలు చదివించారని కథ ఆపి మరీ చెప్పేవారు.” వెంటనే తనూ చదివించింది. కాసేపటికి స్పీకర్లోంచి, “థాంక్యూ, బమ్మగరూ!” అని వినిపించింది. ఆవిడ కొంగు సర్దుకుంది.

పేరున్నవాళ్ళూ ఇక్కడ పాడారు. 2006 ఆగస్టులో సుజాన్ వేగా ఒక రేడియో కార్యక్రమం కోసం అవతార్‌గా వచ్చి పాడింది. 2007 సెప్టెంబరులో లివర్‌పూల్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం తన హాలుకి ఇక్కడ నకలు కట్టించి కచేరీ చేసింది. మీ పిల్లలైతే 2020 ఏప్రిల్‌లో ఫోర్ట్‌నైట్‌లో జరిగిన ట్రావిస్ స్కాట్ ప్రదర్శన గురించే చెబుతారు. మొదటి ఆటకే 1.23 కోట్లమంది వచ్చారట. మా అమ్మాయీ అది చూసింది, అద్భుతం అంటుంది. కాదనను. కానీ అది ముందే తయారుచేసి ఉంచిన ప్రదర్శన. అక్కడ బామ్మగారు వచ్చారో లేదో చూసే నాథుడు లేడు. చెక్క హాలులో ముప్పైమందే అయినా, గుమ్మంలో అడుగు పెట్టగానే పాట మధ్యలో పలకరింపు వినిపించేది.

‘తెలుగు’ అని కూడా వెతికాను, ఆ వారాల్లో ఏమీ కనబడలేదు. అమ్మ పట్టించుకోలేదు. భాష తెలియని పాటలకి కూడా ఒడిలో చెయ్యి ఆడిస్తూ తాళం వేసుకునేది. శనివారం వస్తే ఎనిమిదిన్నరకే భోజనాలు పూర్తి.

మార్చిలో వెళ్ళిపోయింది. రాజమండ్రిలో లాప్‌టాప్ లేదు. ఆ శనివారం నేనొక్కడినే చెరువు గట్టుకి వెళ్ళాను. మూడో పాట అయ్యాక గాయకుడు అడిగాడు, “బమ్మగరు రాలేదా ఇవాళ?”

ఇండియా వెళ్ళిందని టైపు చేశాను. ఆయనకి ఆ మాట చేరి, జవాబు నాకు వచ్చేలోగా ఫోన్ తీసి అమ్మకి కలిపాను. అక్కడ పొద్దున్నే, కాఫీ వేళ. ఫోన్ని స్పీకర్ దగ్గర పెట్టి, “అమ్మా, మాట్లాడకు, విను,” అన్నాను.