రసీదు, జామీను

వేలము అను మాట పోర్చుగీసు వర్తకుల నుండి మనకు వచ్చినదని భాషావేత్తలు చెప్పుదురు. ఉర్దూలోని నీలామ్ కూడ ఆ పుట్టువు గలదేనట. ఒకే మూలము నుండి వచ్చిన ఆ మాటకు తెలుగువారు మరొక మాటను తోడు చేర్చి వేలంవెర్రి అన్నారు. పదిమంది పాట పెంచుచున్న చోట మనుష్యుని మనస్సు తన వశములో ఉండదని పెద్దలు ఏనాడో గ్రహించినారు. తరగతిలో ఈ పదమును నవ్వుచు వివరించు మేమే ఆ వెర్రికి లోబడి విద్యార్థుల సొమ్ము పోగొట్టినాము. చెప్పుకొనుటకు సిగ్గుగానే ఉన్నది. అయినను మా అనుభవము మరొకరికి అక్కరకు వచ్చునను తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మూడేండ్ల క్రిందట తుది సంవత్సరపు విద్యార్థులు కళాశాలను విడిచిపోవుచు తెలుగు శాఖకు ఒక పుస్తకము కానుకగా ఇవ్వదలచి, ఏది కావలెనని మమ్ములను అడిగినారు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర 1854లో ప్రకటించిన మిశ్రభాషా నిఘంటువు పేరు చెప్పినాము. తెలుగులో కలిసిపోయిన హిందూస్తానీ, పారసీ మొదలగు పరభాషల మాటలను ఏర్చి కూర్చి అర్థము చెప్పిన గ్రంథమది. ఉర్దూ, తెలుగు రెండును చదువుకొను ఇట్టి కళాశాలకు అంతకంటె తగిన పుస్తకము ఏముండును? 38 మంది విద్యార్థులు తలకు 400 రూపాయల చొప్పున 15,200 రూపాయలు ప్రోగుచేసి మా చేతిలో పెట్టినారు. సాయంకాలములందు దర్జీ దుకాణములో పనిచేసి చదువుకొను పిల్లవాని సొమ్ము కూడ అందులో కలదు.

అంతర్జాలములో వేలము క్రొత్త సంగతి కాదు. 1995లో అమెరికాలో పియర్ ఒమిడ్యార్ ప్రారంభించిన వేలపు అంగడియే తరువాత ఈబే అయినది. అక్కడ మొట్టమొదట అమ్ముడైనది చెడిపోయిన లేజరు పాయింటరనియు, దాని ధర 14 డాలర్ల 83 సెంట్లనియు చెప్పుదురు. ఈబే 2004లో మన దేశపు బాజీ డాట్ కామ్‌ను కొన్నది. ఈబే వారి ఇక్కడి అంగడి 2018లో మూతపడినది. పాత పుస్తకముల వేలములు ఎక్కువగా విదేశములలోనే జరుగుచుండుటచే మేమును ఒక విదేశీ అంగడిని ఆశ్రయించినాము.

కొన్ని వారములు వెదకగా ఆ పుస్తకము కనబడినది. చేతిలోని సొమ్ము ఎంతవరకు అనుమతించునో అంతవరకు పాడినాము. కడపటి నిమిషములో మరొకరు మించిపోయినారు. మరునాడు, ఆ పుస్తకము అమ్మినవాడను నేనేనని ఒకడు ఈమెయిలు వ్రాసినాడు. గెలిచినవారు వెనుదీసినారట. మేము పాడిన ధరకే పుస్తకము ఇచ్చునట. అంగడి ద్వారా చెల్లించినచో రుసుము దండుగ గనుక, ఢిల్లీలోని తన మనిషికి యు.పి.ఐ. ద్వారా నేరుగా పంపినచో వెయ్యి రూపాయలు తగ్గించునట. సాయంకాలములోగా పంపనిచో మరొకరికి ఇచ్చివేయునట. ఇన్ని 'అట'లలో ఒక్కదానినైనను విచారించి ఉండవలసినది. విచారింపక పంపినాము. ఆ తరువాత మా ఈమెయిలులకు బదులు లేదు. అంగడివారిని అడుగగా, తమ వాకిలి దాటి జరిగిన బేరముతో తమకు సంబంధము లేదన్నారు. బ్యాంకువారు, "మీ చేతులతో మీరే పంపినారు కదా" అన్నారు. ఇరువురి మాటలోను తప్పు లేదు.

"సార్, మన పుస్తకం వచ్చిందా?" అని ఆ దర్జీ పనిచేయు పిల్లవాడు కనబడినప్పుడెల్ల అడుగుచుండెడివాడు. "దారిలో ఉన్నది నాయనా" అని రెండు మారులు అబద్ధమాడినాము. మూడవమారు ఆడలేకపోయినాము. తరగతిలో నిలబడి జరిగినదంతయు చెప్పి, మా జీతము నుండి ఎవరి సొమ్ము వారికి ఇవ్వబోయినాము. పుచ్చుకొనక, "అది శాఖకు ఇచ్చిన డబ్బు సార్, మళ్లీ కొనండి" అన్నారు. పోయిన సొమ్ము కంటె ఆ మాట మాకు బరువైనది.

ఈ మారు క్రెడిట్ కార్డుతో, అంగడి వాకిలిలోనే చెల్లింపవలెనని నిశ్చయించినాము. కాని కార్డు అనగా అప్పు. అప్పు అనగా వడ్డీ అను శంక మమ్ములను పీడించినది. అరబ్బీ శాఖలోని మౌలానా సాహెబును అడిగినాము. ఈ విషయమున పండితులలో భిన్నాభిప్రాయములు కలవని చెప్పి, "గడువులోగా బిల్లు మొత్తం కట్టేయండి జనాబ్, వడ్డీ మొలవనివ్వకండి. ఆ మాత్రం నియమం నిలుపుకోలేనివారు కార్డు ముట్టకపోవడమే మేలు" అన్నారు.

మా కథ విని ఆయన మరి రెండు సంగతులు జ్ఞాపకము చేసినారు. దివ్య ఖుర్ఆనులో అన్నిటికంటె దీర్ఘమైన ఆయతు, అనగా బఖరా సూరాలోని 282వది, అప్పు బేరమును వ్రాసికొని సాక్షులను పెట్టుకొనుటను గూర్చినది. ఇక ప్రవక్త వారు (సల్లల్లాహు అలైహి వ సల్లం) స్వయముగా ఒక పేద అన్సారీ వస్తువులను వేలము వేసిన ఉదంతము అబూ దావూద్ హదీసులలో కలదు. ఒకరు ఒక దిర్హము అనగా, అంతకు మించి ఎవరిత్తురని అడిగి, రెండు దిర్హములకు అమ్మి, ఒకదానితో ఇంటికి తిండియు, రెండవదానితో గొడ్డలియు కొనుమని ఆ పేదవానికి చెప్పినారు. కొను తలపు లేకయే ధర పెంచుటకు పాడు దొంగపాటను మాత్రము, అరబ్బీలో నజష్ అనుదానిని, వారు నిషేధించినారు. వేలమున దోషము లేదు, కపటమున కలదు అని మౌలానా సాహెబు తాత్పర్యము.

ఏడాదికి మరొక ప్రతి కనబడినది. గెలిచినాము. కార్డుతో చెల్లించినాము. కట్ట వచ్చినది. విప్పి చూడగా అట్టపై 1854 అని ఉన్నది గాని, లోపల ఉన్నది నిన్నమొన్నటి నకలు! అమ్మినవాడు మౌనము వహించినాడు. అయితే ఈ మారు మా చేతిలో కాగితములు కలవు. వేలపు పుటలోని వర్ణన, అమ్మినవానితో జరిపిన సంభాషణ, చెల్లింపు రసీదు, కట్ట విప్పుచు తీసిన ఛాయాచిత్రములు, అన్నిటిని అంగడికి, పిదప కార్డు ఇచ్చిన బ్యాంకుకు పంపినాము. రెండు మాసములకు పైగా పట్టినది. తుదకు సొమ్ము తిరిగి జమ అయినది.

రెండు మారులును మోసగాడు మోసగాడే. తేడా అంతయు సొమ్ము నడచిన త్రోవలో ఉన్నది. కార్డు విషయమున నష్టము రెండు విధములు. మన కార్డు వివరములను దొంగిలించి మరొకరు ఖర్చు చేయుట మొదటిది. దీనిని గూర్చి భారతీయ రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఒక ఉత్తర్వు ఇచ్చినది. తప్పు బ్యాంకుదిగాని మనదిగాని కానప్పుడు, బ్యాంకు నుండి కబురు అందిన మూడు పనిదినములలోగా తెలిపినచో మనకు నష్టము లేదని, నాలుగు మొదలు ఏడు పనిదినములలో తెలిపినచో కొంత మేర భరింపవలెనని అందు చెప్పినారు. ఓ.టి.పి. మనమే చెప్పి ఉన్నచో బ్యాంకుకు తెలుపువరకు జరిగిన నష్టమంతయు మనదేనని ఆ ఉత్తర్వు చెప్పినది.

మనమే చెల్లించగా వస్తువు రాకపోవుట, లేదా చెప్పినది కాక వేరొకటి వచ్చుట రెండవ విధము. దీనికి కార్డు సంస్థల నియమములలో చార్జిబ్యాక్ అను త్రోవ కలదు. దానికిని గడువు కలదు గనుక అమ్మినవాని తీపి మాటలతో దినములు గడుపరాదు. ఒక వ్యక్తి ఖాతాకు మనంతట మనము పంపిన సొమ్మును వెనుకకు రప్పించుట దుస్సాధ్యము. వెంటనే 1930కు ఫోను చేసినచో, అది చేతులు మారకముందే నిలుపుటకు కొంత అవకాశము కలదు. మాకు ఆనాడు ఆ సంగతి తోచలేదు.

ఇప్పుడు మేము పాటించు నియమములు కొన్ని. వేలమునకు ముందే మా గరిష్ఠ ధరను, తపాలా ఖర్చుతోను విదేశీ మారకపు రుసుముతోను కలిపి, కాగితముపై వ్రాసికొందుము. ఆపై ఒక్క డాలరు కూడ పాడము. అంగడి బయట మాట్లాడుదమను వానితో మాట్లాడము. 2009 ఆగస్టు 1 నుండి దేశీయ అంగడులలో కార్డు చెల్లింపునకు రెండవ తనిఖీ తప్పనిసరి అయినది గాని, ఆ నిబంధన విదేశీ అంగడులకు వర్తించలేదు. ఓ.టి.పి. అడుగకయే సొమ్ము తీసికొన్న సందర్భములు కలవు. అందుచేత కార్డుపై విదేశీ చెల్లింపును బ్యాంకు యాప్‌లో మూసి ఉంచి, కొను గడియలో మాత్రము తెరచి, పని కాగానే మూయుదుము. రిజర్వు బ్యాంకు 2020లో ఇచ్చిన ఉత్తర్వు వలన ఈ తాళము మన చేతికి వచ్చినది. కార్డు పరిమితిని కూడ కొనబోవు వస్తువుకు సరిపోవునంతకు తగ్గింతుము. సంక్షేప సందేశములను ఆనాడే చదువుదుము. బిల్లును గడువుకు ముందే పూర్తిగా చెల్లింతుము.

ఆ పుస్తకము ఇంకను మా శాఖకు రాలేదు. తిరిగి వచ్చిన సొమ్ము శాఖ లెక్కలో ఉన్నది. అల్మారాలో దాని చోటు ఖాళీగానే ఉంచినాము. దర్జీ పనిచేసిన ఆ పిల్లవాడు ఇప్పుడు ఉద్యోగములో ఉన్నాడు. మొన్న ఈద్ నాడు ఫోను చేసి, ముబారక్ చెప్పి, "సార్, పుస్తకం వచ్చిందా?" అన్నాడు. "రాలేదు నాయనా, వెదకుచున్నాము" అని ఈ మారు నిజమే చెప్పినాము.

ఉర్దూ నుండి తెలుగు పుచ్చుకొన్న మాటలలో రసీదు, జామీను అను రెండింటిని విద్యార్థులు మరువరాదు. ఆ రెండును లేని బేరము ఎంత చౌకయైనను ఖరీదైనదే.