ద్వితీయా విభక్తిలో విశ్వాసము



డుమువులు మొదలుకొని విభక్తి ప్రత్యయములన్నిటిని బడిలో గొంతెత్తి వల్లించిన దినములు నీకు జ్ఞాపకమున్నవి కాబోలు. నేనును అట్లే వల్లించితిని. డెబ్బది యేండ్లు దాటిన పిమ్మట మరల బాలునివలె విభక్తులు వల్లింపవలసి వచ్చునని మాత్రము తలంపలేదు. ఈ మారు తెలుగు కాదు, లాటిను.

కారణము చెప్పెదను. నేడు ఫ్రాన్సు దేశమునందున్న ఆన్సీ పట్టణమునుండి పునీత ఫ్రాన్సిస్ దె సేల్స్ సభ గురువులు 1846లో విశాఖపట్టణమునకు వచ్చిరి. వారి సేవవలన మన ఉత్తర కోస్తాలో వెలసిన గుడులలో దివ్యపూజ నూరేండ్లకు పైగా లాటినులోనే జరిగెను. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ దేశభాషలకు తలుపు తీసినది. తరువాత కొలది యేండ్లలో మన పూజ తెలుగాయెను. అంతకు ముందు విజయనగరము ప్రాంతములోని మా గుడిలో పూజకు సహాయము చేయు బాలురలో నేనొకడను. గురువుగారు లాటినులో పలికినదానికి లాటినులోనే బదులు చెప్పెడివాడను. ఒక్క ముక్కకును అర్థము తెలియదు; అన్నియు చిలుక పలుకులే. ఆ చిన్ననాటి అప్పు తీర్చుకొనవలెనని, ఉపాధ్యాయ వృత్తి విరమించిన పిమ్మట, విశ్రాంతిలోనున్న ఒక వృద్ధ గురువుగారి వద్ద పాఠము మొదలుపెట్టితిని.

మన తెలుగులో సంబంధమును తెలుపు ముక్క నామమునకు వెనుక వచ్చును: ఇంటికి, ఇంటిలో, ఇంటినుండి. లాటినులో అది ముందు నడచును. అంతేకాదు, తన వెనుక వచ్చు నామము ఏ విభక్తిలో నుండవలెనో తానే శాసించును. 'ఆద్' అనగా వద్దకు, 'పెర్' అనగా ద్వారా, 'ప్రోప్తెర్' అనగా నిమిత్తము. ఇవి మన ద్వితీయవంటి విభక్తిని కోరును. 'కుమ్' అనగా తో, 'ఎక్స్' అనగా లోనుండి, 'ప్రో' అనగా కొఱకు, 'సినే' అనగా లేకుండ. ఇవి ఆబ్లటివ్ అను విభక్తిని కోరును. సంస్కృతమున తృతీయ, పంచమి, సప్తమి చేయు పనులను చాలవరకు ఈ యొక్క విభక్తియే మోయును.

ఇంతవరకు కంఠస్థము చేసిన చాలును. చిక్కు 'ఇన్' అను చిన్ని మాటతో వచ్చినది. అది రెండు విభక్తులతోను పొసగును. 'ఇన్ ఎక్లేసియా' అన్నచో గుడిలో; మనిషి లోపలనే యున్నాడు. 'ఇన్ ఎక్లేసియామ్' అన్నచో గుడిలోనికి. మనిషి నడచి వచ్చుచున్నాడు. ఉనికికి ఆబ్లటివ్, కదలికకు ద్వితీయ. వ్రాతలో భేదమంతయు చివరనున్న ఒక్క 'మ్'.

ఒకనాడు గురువుగారు 'దేవునియందు విశ్వాసముంచుచున్నాను' అను వాక్యమును లాటినులో వ్రాయుమనిరి. 'దేవునియందు' సప్తమి గదా యని నేను 'ఇన్' తరువాత ఆబ్లటివులో 'దేఓ' అని వ్రాసితిని. ఆయన కళ్లజోడు సవరించుకొని నవ్విరి. "మాస్టారూ, మీరు కూర్చున్న చోటనుంచి కదలలేదండీ. విశ్వాస సంగ్రహంలో శ్రీసభ చెప్పేది 'దేఉమ్'. లేవండి, నడవండి" అనిరి.

హిప్పో పీఠాధిపతియైన పునీత అగుస్తీను (354–430) యోహాను సువార్తపై చేసిన ప్రసంగములలో ఈ సంగతినే విడమరచెను. దేవుడు చెప్పినది నమ్ముట ఒకటి, దేవునిలోనికి నమ్ముట వేఱొకటి. మొదటిది దయ్యములకును గలదు. రెండవది ప్రేమించుట, ప్రేమించుచు ఆయనలోనికి సాగిపోవుట అని ఆయన బోధ.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకొక తమ్ముడు కలడు. శ్రీకాకుళమునకు ఆవల ఒక పల్లెలో వాని కాపురము. తండ్రిగారి జీడితోట పంపకములో మాటా మాటా పెరిగి, పదునొకండేండ్లుగా మా యిద్దరికి మాటలు లేవు. ఆ యేండ్లన్నిటను ఆదివారము ఆదివారమును విశ్వాస సంగ్రహము తప్పక చెప్పితిని! మరదలు మరణించినప్పుడు వెళ్లితిని. కాని వీధిలో వేసిన పందిరివరకే. అరగంట కుర్చీలో కూర్చుండి తిరుగు బస్సెక్కితిని. వెళ్లితిని గదా యని నాకు నేనే సమాధానము చెప్పుకొంటిని. లాటిను వ్యాకరణము ఆ సమాధానమును నిలువనీయలేదు. 'ఆద్' అన్నచో వద్దకు. 'ఇన్' అన్నచో లోనికి. రెండింటను నడక గలదు, కాని మొదటిది వాకిట ఆగిపోవును.

మరుసటి వారము విజయనగరములో బస్సెక్కి నాగావళి వంతెన దాటితిని. తమ్ముని వాకిటికి చేరినంతనే మరల కాళ్లాడలేదు. వాడే బయటకు వచ్చి చూచెను. కొంతసేపు ఏమియు అనలేదు. తరువాత, "ఏటన్నా, గుమ్మంకాడే నిలబడిపోనావేటి? లోనికి రా" అన్నాడు.

చదువరీ, తోట సంగతి ఆనాడు తేలలేదు. నేటికిని పూర్తిగా తేలలేదు. వాడడిగిన గట్టు ప్రక్క చెట్లు వదలుకొనుటకు నా మనసు ఇంకను పెనుగులాడుచునే యున్నది. కాని ఆ మధ్యాహ్నము వాని ఇంట, వాని ప్రక్కన కూర్చుండి గంజియన్నము తింటిని.

ఇంకొక చిన్న సంగతి. 'కుమ్' నామమునకు ముందు నడచునంటిని. కాని 'నాతో' అనుటకు 'మేకుమ్', 'మీతో' అనుటకు 'వోబిస్కుమ్'. అప్పుడది వెనుకకు వచ్చి అంటుకొనును, అచ్చముగా మన 'తో' వలెనే. పూజలో గురువు ప్రజలవైపు తిరిగి, ప్రభువు మీకు తోడగుగాక యని దీవించినప్పుడెల్ల బాల్యమున నా చెవిని పడిన మాట అదియే. ఆ బస్సులోను, ఆ వాకిటను అది నిజమని తెలిసికొంటిని. వెళ్లుమని ఆజ్ఞాపించిన ప్రభువు వెళ్లువానిని ఒంటరిగా పంపడు.

ఈ ఆదివారము విశ్వాస సంగ్రహము చెప్పునప్పుడు నిన్ను నీవు ఒక్క ప్రశ్న అడుగుము: నా విశ్వాసము ఏ విభక్తిలో నున్నది? ఎవరి వాకిట నేను ఆగిపోయితిని?

ప్రభువా, గుమ్మమువరకు వచ్చి నిలిచిపోయిన మమ్ములను చేయిపట్టి లోనికి నడిపింపుము. ఆమెన్.