గుర్రం గుడ్లు చూచి వచ్చాము

"తాతయ్యా, ఇక్కడ గుర్రం గుడ్లున్న నీటి మడుగు ఉందట. వెళ్దామా?" అని మా మనవరాలు అడిగింది.

వంటగదిలో నుండి మా ఇంటావిడ వెంటనే, "గుర్రం గుడ్డూ లేదు, గాడిద గుడ్డూ లేదు. ముందు పాలు త్రాగు" అన్నది.

నాకు మాత్రం నవ్వు వచ్చింది. గుమ్మడికాయను గుర్రం గుడ్డని నమ్మి డబ్బు పెట్టి కొన్న తెలివితక్కువ శిష్యుల కథ మనలో చాలమంది చిన్నప్పుడు విన్నదే. ఆ కథను 18వ శతాబ్దంలో తమిళంలో వ్రాసినది ఇటలీ నుండి వచ్చిన బెస్కీ అనే మిషనరీ. తమిళులు ఆయనను వీరమామునివర్ అని గౌరవంగా పిలుచుకుంటారు. మూడు వందల ఏళ్ళనాటి ఆ గుడ్డు ఇప్పుడు అమెరికాలో దొరికిందా అనుకున్నాను.

2024 వేసవిలో మేమిద్దరం మూడు నెలల పాటు మా అబ్బాయి ఇంట ఉన్నాము. వారుండేది ఒరెగాన్ రాష్ట్రంలోని హిల్స్‌బరో. కంప్యూటర్ చిప్పులు తయారుచేసే పనుల నిమిత్తం వచ్చిన తెలుగు కుటుంబాలు ఆ ఊరిలో చాల ఉన్నాయి. జులై నెలలో ఒక శుక్రవారం తెల్లవారుజామున, పులిహోర, పెరుగన్నం డబ్బాలు సర్దుకుని కుటుంబంగా బయలుదేరాము.

త్రోవలో క్రేటర్ లేక్ చూచాము. సుమారు 7,700 సంవత్సరాల క్రిందట మజామా అనే అగ్నిపర్వతం పేలి, శిఖరం లోనికి కూలిపోగా ఏర్పడిన గుంటలో నిలిచిన నీరది. లోతు 1,943 అడుగులు. దాని నీలిరంగును గూర్చి వ్రాసినవారు ఎందరో ఉన్నారు గనుక నేను వ్రాయను. ఆ రాత్రి దగ్గరలోనే బస చేసి, మరునాడు ఉదయం కొండల తూర్పు వైపున ఫోర్ట్ క్లామత్ అనే చిన్న ఊరి దిక్కుగా దిగాము. అటు పచ్చిక బయళ్ళు, ఇటు అడవి. నడుమ వెస్ట్‌సైడ్ రోడ్డు. మేము చూడవలసిన చోటు ఆ అడవి అంచుననే ఉన్నది. పెద్ద ఆర్భాటమేమీ లేదు. అబ్బాయి ఒకసారి దాటిపోయి, మరల కారు వెనుకకు త్రిప్పాడు.

చెట్ల నీడలో చిన్న మడుగు. కొండల మీద కురిసిన మంచు కరిగి నేలలోనికి ఇంకి, ఇక్కడ ఊటగా పైకి వస్తుంది. అద్దం వంటి నీరు. అడుగున పడిన ఆకు ఈనెలు కూడ కనబడుతున్నాయి. ఆ అడుగున, చెప్పినట్లే, గుడ్లు! ఒకటి రెండు కాదు, ఎక్కడ చూచినా అవే. కొన్ని శనగగింజంత, కొన్ని ఉసిరికాయంత, కొన్ని బత్తాయికాయంత. అంతకు మించినవి కూడ ఉన్నాయి. నలుపుకు దగ్గరైన ముదురు ఆకుపచ్చ రంగు, నున్నని చర్మం. మా ఇంటావిడ చాలసేపు వంగి చూచి, "తాటి ముంజెలకు రంగు వేసి పడేసినట్లున్నాయండీ" అన్నది. అంతకంటే మంచి పోలిక నాకు తోచలేదు.

నేను నీటిలో వ్రేళ్ళు పెట్టి తీశాను. అర నిమిషానికే ఎముకలు నొప్పిపుట్టాయి. నడివేసవిలో అంత చల్లదనం! భూమి లోపలి నుండి వచ్చే నీరు గనుక ఏడాది పొడవునా ఇంచుమించు అలాగే ఉంటుంది.

వీటిని అక్కడివారు ఆడగుర్రం గుడ్లు అని పిలుస్తారు. ఊటకు కూడ అదే పేరు. శాస్త్రంలో దీని పేరు నాస్టాక్ ప్రూనిఫార్మి, అంటే ప్లమ్ పండు ఆకారం గలదని. నాస్టాక్ అనే మాటను 16వ శతాబ్దంలో పారసెల్సస్ అనే వైద్యుడు కల్పించాడని చెబుతారు. వాన వెలసిన తరువాత నేలమీద అకస్మాత్తుగా కనబడే ఇటువంటి ముద్దలను చూచి, ఇవి నక్షత్రాల నుండి రాలాయని ఐరోపాలోని పల్లెవారు ఒకప్పుడు నమ్మేవారు.

పాఠకులు నవ్వుకోరాదు గాని, నేను ముప్పది ఏళ్ళకు పైగా హైస్కూలులో జీవశాస్త్రం చెప్పినవాడిని. నాస్టాక్‌ను నల్లబల్ల మీద ముత్యాల దండ వలె ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. ఒక్క పిల్లవానికైనా అసలైనదానిని చూపించలేదు. ఇప్పుడు దాని ముందు మోకరించి కూర్చున్నాను.

మా మనవరాలికి ఇలా చెప్పాను. ఇది గుడ్డూ కాదు, కాయా కాదు, ఒక ఊరు. లోపల కంటికి కనబడనంత సన్నని దండలు లెక్కలేనన్ని ఉంటాయి. దండలోని ఒక్కొక్క పూస ఒక్కొక్క జీవి. వాటినే నీలి ఆకుపచ్చ నాచు అంటారు. పేరుకు నాచే గాని, నిజానికి అవి సూర్యకాంతితో ఆహారం చేసుకునే బాక్టీరియాలు. అవన్నీ కలిసి తమ చుట్టూ జిగురును ఊరించి, ఆ జిగురు ఇంటిలో కాపురముంటాయి. ఎండలో నేలమీద ఎండిపోయే జాతులను కూడ ఆ జిగురే కాపాడుతుంది. నల్లని కాగితపు పొరవలె పదుల ఏళ్ళు ఎండి పడియున్న నాస్టాక్ కూడ నీళ్ళు తగిలితే మరల ఉబ్బి బ్రతుకుతుంది.

దండలో అక్కడక్కడ ఒక పూస కొంచెం పెద్దది, గోడ మందమైనది ఉంటుంది. అదే విశేషం. మనం పీల్చే గాలిలో నూటికి 78 వంతులు నత్రజని ఉన్నా మొక్కలు దానిని నేరుగా తీసుకోలేవు. ఫ్యాక్టరీలో గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చాలంటే 400 డిగ్రీలకు పైబడిన వేడి, భయంకరమైన ఒత్తిడి కావాలి. ఈ పెద్ద పూస అదే పనిని మంచు వంటి నీటిలో, చప్పుడు లేకుండా చేస్తుంది. ఆ పనికి ప్రాణవాయువు పనికిరాదు గనుక దానికి మందమైన గోడ. ఆ పూస తన ఆహారం తాను చేసుకోలేదు. ప్రక్క పూసలు దానికి తిండి పెడతాయి, అది వాటికి నత్రజని ఇస్తుంది.

యూజీన్‌లోని ఒరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ కాస్టెన్‌హోల్జ్, వాల్టర్ డాడ్స్ అనే శాస్త్రవేత్తలు 1980లలో ఈ మడుగును శ్రద్ధగా పరిశీలించారు. పోషకాలు చాల తక్కువగా ఉన్న నీరిది. అటువంటి బీద నీటిలో, చలిలో, ఈ ముద్దలు బహు నెమ్మదిగా పెరుగుతాయి. బత్తాయంత ముద్ద ఒక్క వేసవిలో అయినది కాదు.

"ఒకటి ఇంటికి తీసుకెళ్దాం తాతయ్యా" అన్నది పాప. వద్దన్నాను. అలిగింది. అటవీశాఖవారు ఈ చోటును ప్రత్యేకంగా కాపాడుతున్నారని వాళ్ళ నాన్న చెప్పినా అలక తీరలేదు, ఐస్‌క్రీము దాకా తీరలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు అబ్బాయి కొంచెం దక్షిణంగా ఉన్న అప్పర్ క్లామత్ సరస్సు చూపిస్తానన్నాడు. ఈ ప్రాంతపు ఊటలు, ఏరులు చేరేది దానిలోనికే. కారు దిగగానే వాసన. నీళ్ళు బచ్చలికూర రుబ్బి కలిపినట్లున్నాయి. గట్టువెంట మీగడ వలె ఆకుపచ్చని తెట్టు. ఇది కూడ నీలి ఆకుపచ్చ నాచే, అఫానిజోమినాన్ అనేది, నాస్టాక్‌కు దాయాది. గాలిలోని నత్రజనిని పట్టుకునే విద్య దీనికీ తెలుసు.

మరి ఉదయం చూచిన మడుగు అలాగు, ఈ సరస్సు ఇలాగు ఎందుకున్నాయి? నేను అక్కడే గట్టుమీద నిలబడి ఆలోచించాను. నత్రజని తానే చేసుకోగలిగినదానికి తక్కువయ్యేది భాస్వరం. ఆ అగ్నిపర్వతపు మట్టిలో భాస్వరం సహజంగానే ఎక్కువ. పైగా గత శతాబ్దంలో సరస్సు చుట్టూ ఉన్న తుంగభూములను పొలాలకు, పశువుల మేతకు ఎండగట్టారు. ఇంతకాలం వడపోసిన తుంగ పోయింది, భాస్వరం నేరుగా నీటిలోనికి వచ్చింది. వేసవిలో నాచు విరగబడి పెరుగుతుంది, ఒక్కసారిగా చస్తుంది, కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును త్రాగివేస్తుంది. 1995, 96, 97 సంవత్సరాలలో వరుసగా చేపలు తెప్పలుగా తేలాయి. క్లామత్ తెగవారికి తరతరాల ఆహారమైన చ్వామ్ అనే చేప ఆ సరస్సుదే. అది తగ్గిపోతున్నదని వారు 1986లోనే తమంతట తాము పట్టడం మానివేశారు. 1988లో ప్రభుత్వం దానిని అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చింది. ఈనాటికీ పిల్ల చేపలు పెద్దవి కావడం అరుదు. మేము వెళ్ళిన ఆ ఏడే దిగువన క్లామత్ నది మీది నాలుగు ఆనకట్టల తొలగింపు పూర్తయింది. వాటి వెనుక నిలిచిన నీటిలో కూడ ఏటా విషపు నాచు పెరిగేది.

కారులో అందరూ నిద్రపోయారు. నాకు నిద్ర పట్టలేదు. ఆ ఆకుపచ్చ తెట్టును నేను ఎరుగుదును.

మాది కొల్లేరు అంచున ఒక పల్లె. నా చిన్నతనంలో, ఊడ్పులైన తరువాత మా నాన్నగారు పొలం గట్టు మీద నడుస్తుంటే వెనుక నేను నడిచేవాడిని. మళ్ళలో నీటి మీద, గట్టు తడిలో, వ్రేలికొస అంత జిగురు ముద్దలు తగిలేవి. కాళ్ళకు జారుతున్నాయని నేను తన్నివేస్తే నాన్నగారు, "ఉండనివ్వరా, అది ఉన్న మడి బాగుంటుంది" అనేవారు. ఆయన చదువుకొనలేదు. వరి మళ్ళకు ఈ నాచు నత్రజనిని ఇస్తున్నదని 1939లోనే పి.కె. డే అనే మన శాస్త్రవేత్త చూపించాడని నేను కాలేజీకి వెళ్ళిన తరువాత తెలుసుకున్నాను. 1950లో బనారసులో ఆర్.ఎన్. సింగ్ గారు చవుడు భూములను కూడ నాస్టాక్‌తో బాగుచేయవచ్చునని వ్రాశారు. యూరియా చల్లితే నాస్టాక్ ఆ పెద్ద పూసలను కట్టడం మానివేస్తుంది. ఉచితంగా వస్తుంటే ఎందుకు కష్టపడాలి? మా మళ్ళలో ఆ ముద్దలు ఎప్పుడు కనబడకుండా పోయాయో నాకు గుర్తులేదు.

ఊరి మంచినీళ్ళ చెరువు సంగతి మాత్రం బాగా గుర్తున్నది. దానిని చేపలకు వేలం వేద్దామన్నప్పుడు చేయెత్తినవారిలో నేనూ ఒకడిని. బడికి ప్రహరీగోడ కావాలి, వేలం డబ్బుతో కట్టవచ్చును. గోడ కట్టారు, అబద్ధమెందుకు. చెరువులో ఏమీ వేయరాదని కాగితంలో వ్రాసుకున్నాము. రెండవ ఏడు రాత్రిపూట కోడిపెంట, సూపర్ ఫాస్ఫేట్ బస్తాలు గట్టుమీద దిగాయి. మూడవ ఏటికి నీరు చిక్కటి ఆకుపచ్చ. కాచి, వడగట్టి త్రాగితే చాలునని తల్లులకు చెప్పినవాడిని నేనే. అటువంటి నాచులో కొన్ని రకాలు విడిచే విషం కాచినంత మాత్రాన పోదు. ఆ సంగతి నేను తరువాత చదివాను. కొనగలిగినవారు ఇప్పుడు 20 లీటర్ల టిన్ను కొనుక్కుంటున్నారు. కొనలేనివారు బిందెతో ఆ చెరువుకే వెళ్తున్నారు.

సెప్టెంబరులో ఇల్లు చేరగానే చెరువు దగ్గరకు వెళ్ళి ఒక గాజు సీసాలో నీళ్ళు పట్టి తెచ్చాను. వంటింటి కిటికీలో పెడితే మా ఇంటావిడ ఏమీ అనలేదు. క్లామత్ గట్టు మీద ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నది ఆమెకూ గుర్తున్నది.

మా తమ్ముడు రెండేళ్ళుగా ఒక అర ఎకరం ఎరువులు వేయకుండా ఇంటి మట్టుకు పండిస్తున్నాడు. ఒక ఉదయం ఆ గట్టు వెంట వెదికాను. శనగగింజంతవి నాలుగు దొరికాయి. ఫోనుతో ఫోటో తీసి పంపితే, "ఇవి గాడిద గుడ్లేమో, నానమ్మను అడుగు" అని మనవరాలు జవాబిచ్చింది.

సర్పంచ్ గారిని కలిసి, ఈసారి చెరువును వేలం వేయవద్దని అడిగాను. ఆయన మర్యాదస్థుడు. కాఫీ ఇప్పించి, "వీధి దీపాల బిల్లు ఎక్కడి నుండి కట్టమంటారు మాస్టారూ? అప్పుడు చేయెత్తింది మీరే గదా" అన్నారు. నిజమే. దీపాల బిల్లుకు నా వద్ద ఇంకా సమాధానం లేదు. అర్జీ మీద ఇప్పటికి 43 సంతకాలయ్యాయి. వేలం మార్చి నెలలో. అంతవరకు బస్తాలు దిగకుండా, దీపాలు పెట్టే వేళకు నేనూ, తమ్ముడూ చెరువు చుట్టూ ఒకసారి నడిచి వస్తున్నాము.