పండగ మూడు రోజులే

జనవరి ఒకటిన డైట్ మొదలుపెట్టినవాళ్లకు మన పండగలు ఇచ్చే గడువు పట్టుమని రెండు వారాలు కూడా ఉండదు. అన్నం తగ్గించి, సాయంత్రం బజ్జీలు మానేసి, నడక కాస్త అలవాటవుతోంది అనుకునేలోపు భోగి వచ్చేస్తుంది. ఇక "పండగ వెళ్లాక చూద్దాంలే" అని అంతా వదిలేసేవాళ్లు కొందరు. పళ్లెంలో రెండు పుల్కాలు పెట్టుకుని, అందరి మధ్యా ఒంటరిగా కూర్చునేవాళ్లు ఇంకొందరు. ఈ రెండూ అక్కర్లేదని నా గట్టి నమ్మకం. ఒళ్లు తగ్గాలనుకునేవాళ్లు కూడా సంక్రాంతిని సంక్రాంతిలాగే చేసుకోవాలి. జాగ్రత్త పడాల్సింది పండగ పూట విస్తరి దగ్గర కాదు, పండగ వెళ్లాక వంటింట్లో మిగిలే డబ్బాల దగ్గర.

అరిసెలు వండే రోజు ఇంట్లో ఎంత హడావుడో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ముందురోజే బియ్యం నానబోసి, నీళ్లు ఓడ్చి, తడి ఆరకముందే పిండి పట్టించాలి. పాకం దగ్గర చెయ్యి తిరిగిన పెద్దావిడే నిలబడుతుంది. పళ్లెంలో నీళ్లు పోసి, అందులో చుక్క పాకం వేసి వేళ్లతో దగ్గరకు తీస్తే ఉండ కట్టాలి. పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే పన్ను దిగదు. చలిమిడి ఉండను ఆకు మీద వత్తి, నువ్వులద్ది నూనెలో వేస్తారు. వేగి పైకి తేలాక తీసి, రెండు చెక్కల మధ్య పెట్టి గట్టిగా నొక్కితే పీల్చుకున్న నూనె ధారగా కిందికి దిగుతుంది. తెలంగాణలో సకినాలు చేసే రోజున ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూడా వచ్చి, పరిచిన బట్ట చుట్టూ కూర్చుని, వాము, నువ్వులు కలిపిన పిండిని వేళ్లతో మెలితిప్పుతూ చుట్లు చుడతారు. ఇన్ని చేతులు పడ్డ తిండిని "డైట్‌లో ఉన్నాను, నాకొద్దు" అని పక్కకు నెట్టడం మనసుకు కష్టమే. నెట్టాల్సిన అవసరమూ లేదు. పండగ పూట ఒక అరిసె, రెండు సకినాలు తిన్నంత మాత్రాన ఎవరూ లావెక్కరు.

లెక్క చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. ఒంట్లో కిలో కొవ్వు చేరాలంటే, ఖర్చయ్యేదానికి మించి సుమారు 7,700 కేలరీలు తినాలి. మూడు రోజుల్లో అంత అదనంగా తినడం మామూలు మనిషికి కష్టం. నెల రోజుల్లో మాత్రం తెలియకుండానే జరిగిపోతుంది, రోజుకు 250 ఎక్కువ పడితే చాలు. పొద్దున కాఫీతో రెండు జంతికలు, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక సున్నుండ, రాత్రి టీవీ ముందు గుప్పెడు బూంది. వీటిలో దేన్నీ మనం భోజనం కింద లెక్కవేయం. గంటసేపు చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేదంతా వీటితోనే తిరిగి వచ్చేస్తుంది. అమెరికాలో పండగల రోజుల బరువు మీద జరిగిన ఒక అధ్యయనం 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. నవంబరు నడిమి నుంచి జనవరి దాకా అక్కడివాళ్లు సగటున పెరిగింది 0.37 కిలోలే. అయితే ఆ కాస్తా తరవాతి నెలల్లో తగ్గలేదు. ఏటా అంతంత చొప్పున చేరుతూ పోతే, ఇరవై ఏళ్లకు ఎంతవుతుందో ఎవరికి వాళ్లు వేసుకోవచ్చు.

"బెల్లమే కదా, పంచదార కాదుగా" అని సరిపెట్టుకోవడం కూడా ఈ రోజుల్లో బాగా వినపడుతుంది. తూకానికి తూకం చూస్తే బెల్లంలోనూ కేలరీలు దాదాపు పంచదారలో ఉన్నన్నే ఉంటాయి. నువ్వుల్లో దాదాపు సగం నూనే. పిండిలో, చక్కెరలో గ్రాముకు 4 కేలరీలైతే నూనెలో 9. పొలంలో కోతలు, నూర్పిళ్లు చేసి వచ్చిన ఒళ్లకు ఈ తిండి సరిగ్గా సరిపోయేది. రోజంతా కుర్చీలో కూర్చునే మనకు అదే కొలత పనికిరాదు. షుగర్ ఉన్నవాళ్లు బెల్లం పేరు చెప్పి మినహాయింపు తీసుకోవడం మరీ ప్రమాదం.

పండగ వంటల్లో మనం పట్టించుకోనివి ఎన్నో ఉన్నాయి. భోగినాడు కొన్ని ఇళ్లలో చేసే కలగూర, నువ్వులద్దిన సజ్జరొట్టె, ఆ రోజుల్లోనే వచ్చే పచ్చి కందికాయలు, అనపకాయలు, చిక్కుళ్లు, గుమ్మడికాయ పులుసు ఇవన్నీ సంక్రాంతి తిండే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చూపించే పళ్లెం నమూనాలో సగం కూరగాయలకు, పళ్లకే కేటాయించారు. పండగనాడు కూర, పులుసు, పప్పు ముందుగా కడుపులో పడితే, ఆ తరవాత వచ్చే బొబ్బట్టు ఒక్కటే తృప్తినిస్తుంది.

వడ్డించేవాళ్లకూ ఒక విన్నపం. "ఇంకొక్కటి, నా మాట మీద" అని కొసరి కొసరి వెయ్యడం మన మర్యాద. అందులోని ప్రేమను నేను కాదనను. కానీ బరువు తగ్గమని డాక్టరు చెప్పిన అల్లుడికి, మోకాళ్ల నొప్పులు పడుతున్న వదినకు ఆ ఒక్కటి వెయ్యకుండా ఆగడం కూడా ప్రేమే. చేసే పాళ్లు కూడా తగ్గించుకోవచ్చు. చేసినవాటిని పండగనాడే, తాజాగా ఉండగానే, ఊరికి వెళ్లలేకపోయిన పక్కింటివాళ్లకు, వాచ్‌మన్ కుటుంబానికి, ఇంట్లో పనికి సాయం వచ్చే ఆవిడకు పంచిపెడితే పండగా నిండుగా ఉంటుంది, డబ్బాలూ ఖాళీ అవుతాయి.

కనుమ మర్నాడు బరువు చూసుకుని కిలో పెరిగిందని చాలామంది నీరుగారిపోతారు. అందులో ఎక్కువ భాగం నీళ్లే. ఉప్పు, పిండి పదార్థాలు ఎక్కువైనప్పుడు ఒళ్లు నీటిని పట్టి ఉంచుతుంది. మామూలు తిండికి వస్తే కొద్ది రోజుల్లో అది దానంతటదే దిగిపోతుంది. దానికి భయపడి కడుపు మాడ్చుకోవద్దు. "ఎలాగూ పోయింది కదా" అని చేతులెత్తెయ్యనూ వద్దు. ఎందుకంటే ఉగాది వస్తుంది, వినాయక చవితి వస్తుంది, దసరా, దీపావళి వస్తాయి, మధ్యలో పెళ్లిళ్లుంటాయి. పండగలు మానుకుంటే తప్ప నిలవని డైట్ ఏ ఇంట్లోనూ ఏడాది పొడుగునా సాగదు. పండగపూట తృప్తిగా తిని, మర్నాడు పొద్దున మళ్లీ నడకకు, పప్పూ కూరా మజ్జిగల మామూలు భోజనానికి రాగలిగినవాళ్లే బరువు తగ్గుతారు, తగ్గిన దగ్గర నిలబడతారు.